చీటీలో లేని కొలతలు: అరవై దాటాక కొత్త కళ్లజోడు, నా అనుభవం

విశాఖ మద్దిలపాలెంలో నిలబడి, వచ్చే బస్సు 900కె యా 900టి యా అన్నది దగ్గరికొచ్చేదాకా తేలకపోతే దూరపు చూపు తగ్గినట్టు. పేపరు చదవడానికి చెయ్యి చాలకపోతే దగ్గరి చూపు తగ్గినట్టు. ఈ రెండింటి మధ్య ఇంకో దూరం ఉంది, దాని గురించి ఎవరూ అడగరు. కంప్యూటరు తెర, వంటింటి అరలో డబ్బాల మీద పేర్లు, వ్యాసపీఠం మీద పుస్తకం, ఇవన్నీ అక్కడే ఉంటాయి. నాకు ఈసారి జోడు కుదరడానికి రెండు నెలలు పట్టింది. కంటి పరీక్షలో తప్పేమీ లేదు. ఆ మధ్య దూరాన్ని ముందే చెప్పకపోవడం, షాపులో ఒక కొలత సరిగా తీయకపోవడం, ఈ రెండింటితోనే కాలం గడిచిపోయింది.

పరీక్షకు వెళ్లేముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. కన్ను నిలకడగా ఉందా? పవర్ మారుతూ ఉన్న కంటికి జోడు చేయిస్తే డబ్బు సముద్రంలో వేసినట్టే. మారడానికి మన వయసులో ముఖ్యంగా మూడు కారణాలు. ఒకటి షుగరు. రక్తంలో చక్కెర పెరిగినప్పుడు కంటిలోపలి కటకం ఉబ్బి పవర్ సాధారణంగా మైనస్ వైపు జరుగుతుంది, మందులతో అదుపులోకి రాగానే మళ్లీ వెనక్కి వస్తుంది. ఈ ఊగిసలాటలో తీసిన పవర్ నెల తిరక్కుండానే పనికిరాకుండా పోతుంది. షుగరు కుదురుకుని నెలా నెలన్నర అయ్యాక పరీక్ష చేయించుకోవడం మంచిది.

రెండోది శుక్లం. కటకం నడిమి భాగం గట్టిపడే రకం శుక్లంలో కూడా పవర్ మైనస్ వైపు పోతుంది. అందువల్ల కొందరికి ఉన్నట్టుండి అద్దాలు లేకుండానే పేపరు చదవడం వచ్చేస్తుంది. "ఈ వయసులో నాకు చూపు తిరిగొచ్చింది" అని సంబరపడే పెద్దలు ప్రతి వీధిలో ఒకరైనా ఉంటారు. అది తిరిగొచ్చిన చూపు కాదు, ముదురుతున్న శుక్లం. రాత్రి హైవే మీద ఎదురొచ్చే లైట్లు చీలి, చుట్టూ వలయాలు కట్టినట్టు కనిపిస్తున్నా అనుమానించాల్సింది దాన్నే. కొద్ది నెలల్లో ఆపరేషను తప్పదని డాక్టరు చెబితే ఖరీదైన ప్రోగ్రెసివ్ అద్దాలు (దూరం నుంచి దగ్గరి దాకా పవర్ ఒకే అద్దంలో క్రమంగా మారేవి) ఇప్పుడు కొనకండి. ఆపరేషను అయిన 4 నుంచి 6 వారాలకు గానీ కొత్త పవర్ స్థిరపడదు. దూరానికి సరిపడే మామూలు లెన్సు వేయించుకున్నవాళ్లకు ఆ తర్వాత కూడా చదవడానికి జోడు కావాల్సిందే. ఇది ముందే తెలియక డాక్టర్ల మీద కోప్పడేవాళ్లున్నారు.

మూడోది పొడిబారిన కన్ను. రెప్ప కొట్టగానే అక్షరం తేటగా కనిపించి, నాలుగు సెకన్లలో మసకేసి, మళ్లీ రెప్ప కొడితే తేటపడుతుంటే, కారణం అద్దం కాదు, కంటిమీది తడి పొర. రాత్రంతా ఫ్యాను గాలి మొహం మీద పడితే ఇది ఇంకా ఎక్కువ. డాక్టరు రాసిన తడి చుక్కలు రెండు వారాలు వేసుకున్నాక పరీక్షకు వెళితే పవర్ నిలకడగా వస్తుంది. లేకపోతే పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి.

కొన్ని లక్షణాలకు జోడు సంగతి పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి పోవాలి: కంట్లో మెరుపులు, ఒక్కసారిగా నల్లచుక్కల వాన, చూపులో ఒక పక్క తెర దిగినట్టుండడం, ఎర్రబడ్డ కంట్లో భరించలేని నొప్పితో వాంతులు, ఉన్నట్టుండి ఒకటి రెండుగా కనిపించడం, సరళరేఖలు వంకర పోవడం.

విశాఖలో మంచి పరీక్షకు కరువు లేదు. ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. హనుమంతవాకలో 2006లో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ప్రాంగణం ఉంది. వేపగుంట వైపు శంకర్ ఫౌండేషన్ ఆసుపత్రి ఉంది. జోడు షాపులో ఉచితంగా చేసే పరీక్ష పవర్ వరకే చెబుతుంది. కంటి ఒత్తిడి, వెనక నరం, రెటీనా ఎలా ఉన్నాయో చెప్పదు. నీటికాసులు (గ్లాకోమా) నొప్పి లేకుండా, చెప్పాపెట్టకుండా చూపు తినేస్తాయి కాబట్టి అరవై దాటినవాళ్లు ముందు ఆసుపత్రికి, తర్వాత షాపుకు వెళ్లడమే సరైన వరస.

పట్టుకెళ్లాల్సినవి: పాత జోళ్లన్నీ (వాడనివి కూడా), పాత చీటీ, ఈ మధ్య చేయించిన షుగరు రిపోర్టు, మింగే మాత్రల జాబితా. ప్రోస్టేటుకు వాడే టామ్సులోసిన్ లాంటి మందు ఉంటే తప్పక చెప్పండి, శుక్లం ఆపరేషనులో కనుపాపను అది ఇబ్బంది పెడుతుంది. వీటితో పాటు ఓ చిన్న కాగితం మీద మన దూరాలు రాసుకెళ్లాలి. ఇంట్లో మామూలుగా కూర్చునే కుర్చీలో కూర్చుని, ఇంకొకరి చేత టేపుతో కొలిపించాలి. కంటి నుంచి పేపరుకు ఎంత, తెరకు ఎంత, వ్యాసపీఠానికి ఎంత. నావి 40, 65, 55 సెంటీమీటర్లు.

ఈ అంకెలతో పనేమిటంటే, మన వయసుకు కటకానికి తనంతట తాను సర్దుకునే శక్తి దాదాపు ఉండదు. దగ్గరికి కలపాల్సిన పవర్‌ను లెక్క వేసుకోవచ్చు. 100ని దూరం సెంటీమీటర్లతో భాగిస్తే చాలు. 40కి 2.50, 65కి సుమారు 1.50, 55కి 1.75 పైచిలుకు. అంటే పేపరుకు ఇచ్చిన +2.50తో కంప్యూటరు చూస్తే మసకే, మెడ ముందుకు చాచితే తప్ప. "అక్షరం పెద్దగా కనపడేలా పవర్ పెంచండి" అని అడగడం కూడా పొరపాటే. +3.00 చేస్తే పెద్దగా కనపడుతుంది సరే, పుస్తకాన్ని 33 సెంటీమీటర్లకు తెచ్చుకోవాలి. ఆ హద్దు దాటితే మళ్లీ మసక.

పరీక్షలో ముందు చూపించే యంత్రం, అదే రోడ్డు చివర గాలిబుడగ బొమ్మ కనపడేది, ఒక అంచనా మాత్రమే. దాని చీటీతో జోడు చేయించకూడదు. అసలు పని గుండ్రటి ఇనుప ఫ్రేము పెట్టి గాజు బిళ్లలు మార్చే దగ్గర జరుగుతుంది. చిన్న పిడి ఉన్న అద్దాన్ని తిప్పుతూ "ఇది బాగుందా, ఇది బాగుందా" అని అడిగినప్పుడు చాలామంది తప్పు చెబుతామేమోనని కంగారుపడతారు. "రెండూ ఒకేలా ఉన్నాయి" అన్నదే వాళ్లకు కావాల్సిన జవాబు, సిలిండరు పవర్ (కంటి వంపులోని తేడాను దిద్దేది) సరిగ్గా కుదిరిందని దానర్థం. ఊహించి ఏదో ఒకటి చెప్పేస్తేనే చిక్కు. చివర్లో ఆ ఇనుప ఫ్రేముతోనే నాలుగడుగులు నడవనివ్వమని అడగండి. నేల వాలినట్టు అనిపిస్తే అక్కడే చెప్పాలి. ఆ తర్వాత దగ్గరి కార్డు ఇచ్చినప్పుడు, రాసుకెళ్లిన దూరాల్లో పట్టుకుని చదవండి.

కనుపాప పెద్దది చేసే చుక్కలు పవర్ చూశాకే వేయించుకోవాలి. పని చేయడానికి అరగంట పడుతుంది, ఆ తర్వాత నాలుగైదు గంటలు దగ్గరివి మసకే, ఎండ భరించలేం. బండి నడపకూడదు. కూలింగ్ గ్లాసులు వెంట ఉంచుకుని ఆటోలో రావడమే.

నా చీటీ ఇలా ఉంది: కుడి +1.25, సిలిండరు −0.75, యాక్సిస్ (సిలిండరు ఉండే కోణం) 90. ఎడమ +0.75, సిలిండరు −1.00, యాక్సిస్ 95. రెండింటికీ యాడ్ (దగ్గరికి కలిపే పవర్) +2.50. చదవడానికే విడిగా జోడు చేయిస్తే యాడ్‌ను మొదటి అంకెకు కలపాలి. కుడి +3.75, ఎడమ +3.25 అవుతాయి, సిలిండరూ యాక్సిసూ మారవు. పాత చీటీలో సిలిండరు ప్లస్‌లో ఉండి కొత్తదాంట్లో మైనస్‌లో ఉంటే గాభరా పడక్కర్లేదు. +0.50, +0.75, యాక్సిస్ 180 అన్నా, +1.25, −0.75, యాక్సిస్ 90 అన్నా ఒకే అద్దం.

చాలా చీటీల్లో లేనిది పీడీ, అంటే రెండు కనుపాపల మధ్య దూరం. నాకు దూరానికి 62 మిల్లీమీటర్లు, చదివేటప్పుడు కళ్లు లోపలికి తిరుగుతాయి కాబట్టి 59. నేను మొదట వెళ్లిన షాపులో ఇది కొలవకుండా 66కి కోశారు. చదివే జోడు పెట్టుకుంటే అక్షరం తేటగానే ఉంది, పది నిమిషాలకు కనుబొమల మధ్య లాగుడు మొదలయ్యేది. అద్దం కేంద్రం ఒక్కో కంటికి మూడున్నర మిల్లీమీటర్లు బయటికి జరిగిందన్నమాట. జరిగిన దూరాన్ని సెంటీమీటర్లలో పెట్టి పవర్‌తో గుణిస్తే ప్రిజం, అంటే అద్దం చూపును ఎంత పక్కకు వంచుతుందో ఆ కొలత, వస్తుంది. నా యాక్సిస్ 90 దగ్గర కాబట్టి అడ్డంగా లెక్కేసేటప్పుడు సిలిండరూ కలపాలి: కుడికి 0.35 × 3.00, ఎడమకు 0.35 × 2.25, కలిపితే సుమారు 1.8. అంతమేర కళ్లు అదనంగా లోపలికి తిరగాలి. ఇలాంటప్పుడు "కొత్త కదండీ, అలవాటవుతుంది" అంటారు. పవర్ మార్పుకు అలవాటు పడతాం, తప్పు కేంద్రానికి అలవాటు పడాల్సిన పని లేదు.

దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. తెల్లకాగితం మీద స్కేలుతో పెద్ద ప్లస్ గుర్తు గీసి, జోడును అరడుగు ఎత్తున పట్టి, అద్దంలోంచి కనిపించే గీతలు బయటి గీతలతో విరగకుండా కలిసే చోట స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టాలి. రెండో అద్దానికీ అలాగే. రెండు చుక్కల మధ్య దూరం మన పీడీతో (చదివే జోడుకైతే దగ్గరి పీడీతో) సరిపోవాలి. ఒకట్రెండు మిల్లీమీటర్ల తేడా కొలతలో రావచ్చు. ఏడు వస్తే షాపుకు తీసుకెళ్లి లెన్సోమీటరు (అద్దం పవరూ కేంద్రమూ కొలిచే యంత్రం) మీద చూపించమనండి. బిల్లు, చీటీ ఉంటే మళ్లీ చేసిస్తారు. నాకూ చేసిచ్చారు, కాస్త గొణిగి.

ఫ్రేము కాడ లోపలివైపు 52, 18, 140 అని అంకెలుంటాయి. అద్దం వెడల్పు, ముక్కు వంతెన, కాడ పొడవు. మొదటి రెండూ కలిపితే 70. నా 62కి అది వెడల్పు ఎక్కువ. కేంద్రం కుదర్చడానికి అద్దాన్ని ఒక్కో పక్క నాలుగు మిల్లీమీటర్లు లోపలికి జరపాలి, అద్దం మందం, బరువూ పెరుగుతాయి. 47, 18 తీసుకుంటే ఆ గొడవ లేదు. జగదాంబ నుంచి డాబాగార్డెన్స్ దాకా అద్దాల షాపుల్లో ఎంత మెరిసే ఫ్రేములున్నా ముందు ఈ అంకెలు చూడాలి. మూడు లోపు పవర్లకు మామూలు 1.50 లేదా 1.56 ఇండెక్స్ (ఈ అంకె పెరిగితే అద్దం పలచన) అద్దం చాలు, 1.67కి డబ్బు పోయనక్కర్లేదు. నీలికాంతి పూత వల్ల కంటి అలసట తగ్గుతుందనడానికి 2023లో కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే సంస్థ) సమీక్షలో గట్టి ఆధారం దొరకలేదు. రాత్రి బయట తిరిగేవాళ్లకు ప్రతిబింబాలు తగ్గించే పూత మాత్రం దండగ కాదు. చూపు దిద్దే జోళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే, బిల్లులో చూసుకోండి.

బైఫోకలా ప్రోగ్రెసివా అన్నది మెట్లతో తేల్చుకోవాల్సిన విషయం. బైఫోకల్‌లో చదవడానికి ఉండే కింది బిళ్ల పై అంచు సరిగ్గా కింది రెప్ప దగ్గరికి రావాలి. పైకి వస్తే నడకలో అడ్డం, కిందికి పోతే చదవడానికి గడ్డం ఎత్తాలి. 65 సెంటీమీటర్ల తెర మాత్రం దేనికీ అందదు. ప్రోగ్రెసివ్‌లో మధ్య దూరం దొరుకుతుంది గానీ పక్కలు అలల్లా కదులుతాయి. కళ్లు కాక తల తిప్పడం నేర్చుకోవాలి, రెండు వారాలు పడుతుంది. నల్లగుడ్డు మధ్య నుంచి ఫ్రేము కింది అంచుకు కనీసం 18 మిల్లీమీటర్లు లేని ఫ్రేములో ప్రోగ్రెసివ్ వేస్తే చదివే భాగం కోతలో పోతుంది. ఎత్తు కొలిచేటప్పుడు ఫ్రేమును ముందే ముక్కుకు, చెవులకు సరిచేయించి, మనం మామూలుగా నిలబడి ఉండగా గుర్తు పెట్టించాలి. జోడు వచ్చాక అద్దం మీది రంగు గుర్తులు వెంటనే తుడిచేయనివ్వకండి. పెట్టుకుని గోడ అద్దంలో మొహం చూసుకుంటే ప్లస్ గుర్తు నల్లగుడ్డు మీద ఉండాలి. తుడిచేసినా లోపం దాగదు. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే సన్నగా చెక్కిన రెండు గుర్తులు కనిపిస్తాయి, బయటి గుర్తు కింద యాడ్ అంకె ఉంటుంది.

రెండింటిలో ఏది పెట్టుకున్నా కిందికి చూస్తే కాళ్ల దగ్గరి మెట్టు చదివే పవర్‌లోంచి కనపడి మసకేస్తుంది. సింహాచలం మెట్లు దిగేటప్పుడు ఆ మసక ప్రమాదం. నేను చివరికి మూడు జోళ్లకు వచ్చాను: బయట తిరగడానికి దూరానివి, కంప్యూటరుకూ వ్యాసపీఠానికీ +1.50 కలిపినవి, పేపరుకు చదివేవి. ఒక మంచి ప్రోగ్రెసివ్ ఖర్చులో మూడూ వచ్చేశాయి. మార్చుకోవడం విసుగే, మెడ నొప్పి మాత్రం లేదు. వ్యాసపీఠాన్ని 65కి జరపాల్సి వచ్చింది.

ఇక్కడి గాలితో ఇంకో పని. బీచిరోడ్డులో నడిచి వచ్చిన జోడు మీద ఉప్పు, సన్న ఇసుక ఉంటాయి. చొక్కా కొసతో తుడిస్తే పూత గీతలు పడుతుంది. కుళాయి కింద కడిగి, వేలితో ఒక చుక్క గిన్నెల సబ్బునీళ్లు రాసి, మళ్లీ కడిగి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డ. వేడినీళ్లు వద్దు, ఎండలో కారు లోపల వదలొద్దు, పూత చిట్లుతుంది. చవక లోహపు ఫ్రేములకు చెమటతో ముక్కు బిళ్లల దగ్గర పచ్చటి చిలుము పడుతుంది. టైటానియమో ప్లాస్టికో తీసుకుంటే అది ఉండదు. చీటీని, పీడీ రాసిన కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకున్నాను. పాత జోడు పర్సు పక్కనే స్పేరుగా ఉంది.