మా వార్డులో డెంగీ సున్నా

పోయిన సెప్టెంబర్‌లో మా వీధిలో నాలుగిళ్లల్లో వరసగా జ్వరాలు. మా మరిదికి ప్లేట్‌లెట్లు 30 వేలకు పడిపోతే ఆస్పత్రిలో పెట్టి సెలైన్ ఎక్కించారు, మేమేమో బొప్పాయి ఆకుల కోసం ఊరంతా తిరిగాం (నాకు నమ్మకం లేదు గానీ అత్తయ్య ఊరుకోదుగా). మున్సిపాలిటీకి ఫోన్ చేస్తే "మీ వార్డులో కేసుల్లేవమ్మా" అన్నారు. వాళ్లు అబద్ధమేం చెప్పలేదు, లిస్టులో నిజంగానే సున్నా ఉంది.

ప్రైవేటు ల్యాబ్‌లో వేలెడంత ప్లాస్టిక్ పట్టీ మీద చుక్క వేసి ఇరవై నిమిషాల్లో చెప్పే ర్యాపిడ్ టెస్టు సర్కారు లెక్కలోకి రాదు, పెద్ద ల్యాబులో చేసే ఎలీసా అనే రక్తపరీక్షలో తేలాలి. ర్యాపిడ్ కిట్లు అటూ ఇటూ తప్పులు చెప్తాయి కాబట్టి ఆ నిబంధన సబబే. కానీ ఎలీసా ప్లేటులో 96 గుంటలుంటాయి, రెండు శాంపిళ్ల కోసం ఎవరు పెడతారు, కాసిని పోగయ్యేదాకా ఆగాల్సిందే. అసలు మా మరిది రక్తం అక్కడిదాకా వెళ్తే కదా! దానికితోడు రక్తంలో డెంగీ వైరస్ వదిలే ప్రొటీన్ ఎన్‌ఎస్1 దొరికేది ఎక్కువగా మొదటి ఐదు రోజుల్లోనే, మనవాళ్లేమో డోలో వేసుకుని మూడు రోజులు చూసి, ఆర్‌ఎంపీ దగ్గర ఇంకో రెండు రోజులు సూదులు పొడిపించుకుని, ఆరో రోజు ల్యాబ్‌కి పోతారు. నెగెటివ్ వస్తుంది, చీటీ మీద 'వైరల్ ఫీవర్' అని రాస్తారు. ఆ రోజులు దాటాక ఒంట్లో కనిపించే యాంటీబాడీల్ని పట్టే ఐజీఎం టెస్టు కూడా చేయించమని చెప్పే నాథుడుండడు.

2006 నుంచి 2012 దాకా దేశంలో ఏటా సగటున 20 వేల పైచిలుకు డెంగీ కేసులే రికార్డయ్యాయి. డాక్టర్ల దాకా వచ్చినవే దానికి 282 రెట్లు ఉంటాయని 2014లో ఒక అధ్యయనం అంచనా వేసింది. అది మదురై జిల్లా వివరాల మీద కట్టిన లెక్క, దేశమంతా అలాగే ఉంటుందని నేననను, అందులో పదో వంతే నిజమనుకున్నా మందులూ మనుషులూ ఎక్కడికి పంపాలో ఈ లిస్టు చూసి ఎలా తేలుస్తారో నాకర్థం కాదు. ఇంకో తమాషా, ఎక్కువ టెస్టులు చేసిన జిల్లాకే పేపర్లో 'డెంగీ పంజా' అని హెడ్డింగ్ పడుతుంది, చెయ్యనివాళ్లు హాయిగా ఉంటారు. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు రాసుకుంటారు కదా, ఆ పుస్తకం చూసినా మా వీధి దొరికేది.

రెండు వారాలకి పక్క వార్డుకి ఫాగింగ్ బండి వచ్చింది. ప్రభుత్వాసుపత్రి అక్కడే, జ్వరం రాగానే నడిచెళ్లి రక్తమిచ్చొస్తారు. గాలి ఇటు తిరిగినప్పుడు కాస్త పొగ మా డాబా మీదికీ వచ్చింది.