కోరీ అడిగిన ప్రశ్న

నిద్ర పట్టట్లేదు, అందుకే ఇది. పొద్దున బావగారు ఫ్యామిలీ గ్రూపులో ఒక క్లిప్పు పెట్టారు, 2016లో వచ్చిన ‘ఫెన్సెస్’ సినిమాలోది, డెంజెల్ వాషింగ్టన్ కొడుకుని నిలబెట్టి కడిగేసే సీను. కింద "తండ్రంటే ఇలా ఉండాలి" అని రాసి రెండు దండాలు. సాయంత్రానికి అందరూ లైకులు కొట్టేశారు, ఈయనతో సహా.

ఆ సీన్లో కోరీ అనే హైస్కూలు కుర్రాడు వాళ్ళ నాన్న ట్రాయ్‌ని, నేనంటే నీకెందుకు ఇష్టం లేదు అని అడుగుతాడు. నిన్ను ఇష్టపడాలని ఎవడు చెప్పాడు, తిండి పెడుతున్నా, గూడు ఇచ్చా, అది నా బాధ్యత అంటాడు ట్రాయ్. క్లిప్పు అక్కడికి ఆపేస్తారు. అదే ట్రాయ్ స్కూలుకెళ్ళి కోచ్‌తో మావాడు ఇంక ఫుట్‌బాల్ ఆడడని చెప్పొచ్చి ఆ ఆటతో పిల్లాడికి రాబోయిన కాలేజీ ఛాన్సు పోగొట్టడం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. యుద్ధంలో దెబ్బతిని తలలో మెటల్ ప్లేటుతో బతుకుతున్న తమ్ముడు గేబ్రియల్‌కి వచ్చిన 3 వేల డాలర్లతోనే ఆ గూడు కొన్నాడని కూడా ఎవరూ చెప్పరు. ఈయన్ని అడిగితే "అందులో తప్పేముంది, మా నాన్నా అంతేగా" అన్నారు. మావయ్యగారి ఊసెత్తితే ఈయన మొహం ఎలా అయిపోతుందో మీకు తెలుసు, అలాంటి మనిషి కూడా లైకు కొట్టారనే నాకు ఇంత మంట.

మావయ్యగారంటే గుర్తొచ్చింది. వాళ్ళు వచ్చినప్పుడు కొలంబస్ నించి మూడు గంటలు నడుపుకుంటూ పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాం, దర్శనం అయ్యాక పులిహోర తిని, ఇంతదూరం వచ్చాం, హిల్ డిస్ట్రిక్ట్ అనే ఆ నల్లవాళ్ళ పేట చూడకుండా ఎలా అని నేను పట్టుబట్టాను. ఈ సినిమాకి మూలమైన నాటకం రాసిన ఆగస్ట్ విల్సన్ పెరిగిన ఇల్లు అక్కడే, బెడ్‌ఫర్డ్ అవెన్యూలో. కథ జరిగేది 1957లో, సరిగ్గా అప్పుడే ఆ కొండ కింది భాగమంతా కూల్చి దాదాపు 8 వేల మందిని లేవగొట్టారు, తర్వాత అక్కడ అరీనా కట్టారు. ఈయన, అత్తయ్య కార్లోనే కూర్చున్నారు, మావయ్యగారు మాత్రం దిగి నాతో వచ్చి, ఎవరమ్మా ఈయన, ఏం రాశాడు అని అడిగారు. నేను ట్రాయ్ చిన్నప్పటి కథ చెప్పాను. పద్నాలుగేళ్ళప్పుడు దున్నమని పంపితే కంచరగాడిదని కట్టేసి వాగు పక్కన ఒక పిల్లతో ఉంటాడు, తండ్రి వచ్చి తోలు పట్టీలతో చితకబాదుతాడు, పారిపోతూ వెనక్కి చూస్తే ఆ తండ్రి ఆ పిల్ల మీదికే వెళ్తున్నాడు, వీడు తిరిగొచ్చి అవే పట్టీలతో తండ్రిని కొడతాడు, ఆయన వీడి కళ్ళు వాచి మూసుకుపోయేదాకా కొడతాడు, ఇంక ఆ రోజే ఇల్లు వదిలేస్తాడు. మావయ్యగారు అంతా విని "మరి ఆ చేను ఎవరు దున్నారు?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. వెనక్కి వస్తుంటే హైవే మీద ఎవరూ అడక్కుండానే "మా నాయన ముల్లుగర్రతో కొట్టేవాడు" అన్నారు, అంతే, ఇంకో మాట లేదు. ఈయనకి ఆ సంగతి అప్పటిదాకా తెలీదు.

ఇది రాస్తుంటే ట్రాయ్ మీద కోపం కొంచెం జారిపోతోంది. అంత దుర్మార్గుడైన తండ్రి గురించి కూడా ట్రాయ్, అమ్మ వదిలేసి పోయినా ఆయన మమ్మల్ని వదిలిపోలేదు, బాధ్యత అనుకున్నాడు అంటాడు. అతనికి దొరికింది అదొక్కటే, కొడుక్కి ఇచ్చిందీ అదే. పైగా ట్రాయ్ ఒకప్పుడు బేస్‌బాల్ ఆటగాడు, ఆ ఆట పెద్ద లీగులోకి నల్ల ఆటగాడిని, జాకీ రాబిన్సన్‌ని, రానిచ్చిందే 1947లో, అప్పటికి ట్రాయ్‌కి నలభై దాటిపోయాయి, చివరికి మిగిలింది చెత్తబండి ఉద్యోగం. ఆ కడుపుమంట నాకు అర్థమవుతుంది.

అయినా ఒప్పుకోలేను. బాధ్యత బాధ్యత అన్న మనిషే భార్య రోజ్‌కి ద్రోహం చేసి ఇంకొకామెతో బిడ్డని కన్నాడు, చివరికి ఆ బిడ్డని పెంచింది రోజే. గేబ్రియల్ని ఆసుపత్రిలో పెట్టే కాగితం మీద సంతకం పెట్టిందీ ట్రాయే. బావగారికి ఆ సీన్లు కూడా పంపించాలి. పొద్దున పంపిస్తా.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం కోరీనే. చివర్లో వాడూ నాన్న మీదికి బ్యాట్ ఎత్తుతాడు, అచ్చం ఆ తోలు పట్టీల్లాగే, ఇల్లు వదిలి మెరైన్స్ అనే సైనికదళంలో చేరతాడు. ఒక అరుపు నించి పారిపోయి ఇంకో అరుపు కిందికి. 1965లో తండ్రి అంత్యక్రియల రోజు యూనిఫాంలో ఇంటికొచ్చి, అంత్యక్రియలకి నేను రానంటాడు, రోజ్ వాణ్ణి గట్టిగా మందలిస్తుంది. అప్పుడే అన్నతో, ఆరేళ్ళు చేశా, ఇంక చాలేమో అన్నట్టు మాట్లాడతాడు. ఆ మార్చిలోనే అమెరికన్ మెరైన్లు వియత్నాంలో ద నాంగ్ దగ్గర దిగారు. కోరీ ఉద్యోగం మానేశాడో లేదో విల్సన్ చెప్పలేదు. మానేశాడనే నేను అనుకుంటాను, తను చేసుకోవాలనుకున్న అమ్మాయిని పెళ్ళి కూడా చేసుకున్నాడని.