పాత రంగు వదిలించే ముందు బొమ్మ ఒళ్లేంటో తేల్చుకోండి

రంగు పొరలు పొరలుగా పేరుకుపోయి ముఖం, వేళ్లు, కవచం మీద గీతలు పూడిపోయిన మినియేచర్‌ని, అంటే రంగులు వేసుకునే చిన్న బొమ్మని, పక్కన పడేయక్కర్లేదు. విజయవాడ, గుంటూరు షాపుల్లో దొరికే సరుకుతోనే దాన్ని మళ్లీ ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) కొట్టే స్థితికి తేవచ్చు. అయితే సీసా మూత తీసేముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి: ఆ బొమ్మ దేనితో చేసింది? రంగు ఏదో ఒక మందుకి లొంగుతుంది. ఆ మందుని బొమ్మ ఒళ్లు తట్టుకుంటుందా లేదా అన్నదే అసలు లెక్క. పాడైన బొమ్మల్లో ఎక్కువ భాగం ఈ లెక్క చూసుకోనివే.

పరీక్ష చాలా తేలిక. బేస్ (బొమ్మ నిలబడే పీట) అడుగున, కనపడనిచోట కట్టర్ మొనతో కొంచెం గీకండి. వెండిలా మెరిస్తే వైట్ మెటల్, అంటే తగరం లాంటి లోహాల మిశ్రమం, చేతిలోకి తీసుకున్నప్పుడే బరువు చెబుతుంది. సన్నటి చుట్టలా తొక్క లేస్తే గట్టి ప్లాస్టిక్, చాలావరకు పాలీస్టైరీన్. సిటాడెల్ కంపెనీ ప్లాస్టిక్ బొమ్మలు, టామియా, ఎయిర్‌ఫిక్స్ కంపెనీల కిట్లు ఈ జాతివే. పొడి పొడిగా రాలితే రెజిన్, అచ్చులో ద్రవంగా పోసి గట్టిపరిచే ప్లాస్టిక్. కత్తినో ఈటెనో వేలితో వంచితే వంగి మళ్లీ లేచిందంటే మెత్తటి పీవీసీ, బోర్డు గేముల పెట్టెల్లో వచ్చేవి ఎక్కువగా ఇవే. భుజాల మీద సన్నటి మెట్లలాంటి గీతలు కనిపిస్తే త్రీడీ ప్రింటర్ రెజిన్. అనుమానం తీరకపోతే వాడబోయే మందులో ఇయర్‌బడ్ ముంచి బేస్ అడుగున పది నిమిషాలు ఆనించి ఉంచండి. అక్కడ జిగురుగా అయినా, తెల్లబారినా ఆ మందు ఆ బొమ్మకి పనికిరాదు.

యాక్రిలిక్ (నీళ్లతో కలుపుకునే) రంగులకి మొదటి మందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అందరూ ఐపీఏ అనేదే. ఫోన్ రిపేరు సామాన్లు అమ్మేచోట, ల్యాబ్ కెమికల్స్ షాపుల్లో అడగండి. లేబుల్ మీద పేరూ శాతమూ స్పష్టంగా ఉండాలి. 99 శాతం ఉన్నది త్వరగా పనిచేస్తుంది, 70 శాతందైతే రాత్రంతా నానబెట్టాలి. హ్యాండ్ శానిటైజర్ మాత్రం వద్దు. అందులో గ్లిజరిన్ ఉంటుంది, ఆ జిడ్డు ఒంటికి పట్టుకుంటే కొత్త ప్రైమర్ అతుక్కోదు. పేరు లేని సీసాల్లో పోసి అమ్మే స్పిరిట్ జోలికి అసలు వెళ్లకండి. దాంట్లో మిథనాల్ కలిసి ఉండొచ్చు, అది చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది.

ముందు బేస్ విడదీయండి. బేస్ మీద ఫెవికాల్‌తో అంటించిన ఇసుక, గడ్డి ఉంటే గీకి తీసేయండి, లేకపోతే అదంతా ఊడి సీసాలో బురదవుతుంది. మూత బిగుతుగా పట్టే గాజు సీసాలో, పచ్చడి సీసా అయినా సరే, 28 మిల్లీమీటర్ల బొమ్మలు నాలుగైదు పెట్టి అవి పూర్తిగా మునిగేలా ఐపీఏ పోయండి. 300 మిల్లీలీటర్లు సరిపోతుంది. అరగంటకొకసారి తీసి చూడండి. రంగు ముడతలు పడి వేలితో తోస్తే జారుతోందంటే సమయమైనట్టే. పలచగా వేసిన రంగు గంటలోపే వదులుతుంది. పైన పాలీయురథేన్ వార్నిష్ ఉంటే రాత్రంతా పట్టొచ్చు.

తీశాక బొమ్మని ఆరనివ్వకండి, తడి మీదే తోమండి. మెత్తబడిన రంగు ఆరిందంటే మళ్లీ గట్టిపడి, ఇదివరకటి కంటే మొండిగా గీతల్లో కూర్చుంటుంది. మెత్తటి నైలాన్ టూత్‌బ్రష్‌ని అదే ఐపీఏలో ముంచి, పైనుంచి కిందికి, గీత పోయే దిశలోనే తోమాలి. ముడతల్లోకి పళ్ల సందులు తోముకునే చిన్న బ్రష్, చెక్క టూత్‌పిక్ చాలు. ఇనుప బ్రష్, సూది వద్దు. ప్లాస్టిక్ మీద అవి వేసే గీత రేపు రంగు వేశాక కళ్లు, పెదవుల దగ్గరే బయటపడుతుంది. ఒక విడతలో రానిది రెండో విడత నానబెడితే వస్తుంది, గట్టిగా రుద్దితే కాదు.

ఎంత శుభ్రం చేయాలి? ఎరుపు, నీలం లాంటి రంగుల మరక ప్లాస్టిక్‌కి పట్టేసి పోదు, పోనక్కర్లేదు కూడా. చూడాల్సింది మందం. గీతలూ అంచులూ పదునుగా కనిపిస్తున్నాయంటే పని అయిపోయినట్టే. మరకని వదిలించాలని మూడోసారీ నాలుగోసారీ నానబెట్టడం వల్ల ఒంటికి చేటే తప్ప ఒరిగేదేమీ ఉండదు. పాత ప్రైమర్ కూడా అంతే. స్ప్రే డబ్బాలో వచ్చే కొన్ని ప్రైమర్లు ఐపీఏకి కదలవు. అది పలచగా, సమంగా ఉంటే అలాగే వదిలేసి దాని మీదే మొదలుపెట్టండి.

ఐపీఏ దొరకనప్పుడు డెట్టాల్ పనికొస్తుంది. మెడికల్ షాపులో దొరికే గోధుమరంగు యాంటిసెప్టిక్ ద్రావణమే, నీళ్లు కలపకుండా వాడాలి. యాక్రిలిక్ రంగుని ఒక రాత్రిలో వదులు చేస్తుంది. ఇక్కడ చాలామంది చేసే తప్పు, తీసిన వెంటనే కుళాయి కింద పెట్టడం. నీళ్లు తగలగానే డెట్టాల్ పాలలా విరుగుతుంది, ఊడిన రంగు జిగట ముద్దగా మారి బొమ్మంతా అంటుకుంటుంది. అందుకని మొదటి తోమడం డెట్టాల్‌తోనే చేయాలి. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్‌ని నీళ్లు కలపకుండా రాసి రెండోసారి తోమాలి. ఆ తర్వాతే నీళ్లు. జిగట అంటుకుపోయిందంటే మళ్లీ డెట్టాల్‌లో ముంచితే వదులుతుంది.

పాత కిట్ల మీద ఉండేది చాలాసార్లు ఎనామెల్, అంటే నూనె రకం రంగు. ఐపీఏకి అది అంత తేలిగ్గా లొంగదు. దీనికి బ్రేకాయిల్ ఉంది, ఆటోనగర్‌లో ఏ స్పేర్ పార్టుల షాపులోనైనా దొరుకుతుంది. డాట్ 3 గానీ డాట్ 4 గానీ అడగండి. డాట్ 5 సిలికోన్ ఆయిల్, దానికి రంగు ఊడదు. పాలీస్టైరీన్ బొమ్మని అందులో ముంచి కొన్ని గంటలకోసారి చూస్తూ ఉండాలి, ఒక రోజు దాటనివ్వొద్దు. చేతులకి గ్లోవ్స్ తప్పనిసరి. చుక్క బండి మీద పడితే బండి రంగూ పోతుంది, కాబట్టి పార్కింగ్‌లో కూర్చుని చేసే పని కాదిది.

గట్టి ప్లాస్టిక్‌కి ఎన్‌సీ థిన్నర్ (నైట్రోసెల్యులోజ్ పెయింట్లని పలచబరిచేది), ఎసిటోన్ ఎప్పుడూ వద్దు. పాలీస్టైరీన్ వాటిలో కరిగిపోతుంది, ముఖం ముద్దవడానికి నిమిషాలు చాలు. ఎసిటోన్ లేదని రాసిన నెయిల్ పాలిష్ రిమూవర్ సురక్షితం అనుకుంటారు. వాటిలో సాధారణంగా ఇథైల్ ఎసిటేట్ ఉంటుంది, అదీ కరిగించేదే. వైట్ మెటల్‌కి మాత్రం ఎసిటోన్ అంత మంచి మందు ఇంకోటి లేదు. మూత ఉన్న గాజు సీసాలో గంట ఉంచితే రంగుతో పాటు ఫెవిక్విక్ అతుకులూ వదిలేస్తాయి. చేతులు, ఆయుధాలు విడివడతాయని ముందే తెలిసి ఉండాలి. లోహపు బొమ్మకి ప్లాస్టిక్ చేతులుంటే ఎసిటోన్ వద్దు. ఎపాక్సీ పుట్టీతో మలిచిన జుట్టు, దుస్తులు ఉన్నా అంతే, పుట్టీ మెత్తబడి ఊడొస్తుంది.

ఐపీఏ కూడా ఫెవిక్విక్ అతుకుల్ని బలహీనం చేస్తుంది. అదొక రకంగా మంచిదే, వంకరగా అతికించిన చేతిని సరిచేసుకోవచ్చు. ప్లాస్టిక్ సిమెంట్‌తో అతికించినవి మాత్రం విడవవు. ఆ సిమెంట్ రెండు ముక్కల్నీ కరిగించి ఒకటి చేసి ఉంటుంది.

త్రీడీ ప్రింట్ బొమ్మల విషయంలో తొందర ఉండాలి. ఆ రెజిన్ ఐపీఏని పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరాక పెళుసై వేళ్లు, కత్తులు పుటుక్కున విరుగుతాయి. పది పదిహేను నిమిషాలు ముంచి, తీసి తోమి, పూర్తిగా ఆరాక అవసరమైతే మళ్లీ ముంచాలి. మెత్తటి పీవీసీకి కూడా ఇదే పద్ధతి, రాత్రంతా నానబెట్టడం వద్దు.

మన ఇళ్లలో ఒక ప్రమాదం ఉంది కాబట్టి చెప్పాలి. మినియేచర్లకి వాడిన మందునే బొమ్మల కొలువు పెట్టెలోని బొమ్మలకీ వాడబోతారు. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి చెక్కతో చేసింది. ముక్కల్ని కలిపే మక్కు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసేది, రంగు కింద సున్నపు పూత ఉంటుంది. ఏ ద్రవంలో నానబెట్టినా చెక్క పీల్చుకుంటుంది, నీళ్లు తగిలితే మక్కు మెత్తబడి చేతులు ఊడతాయి. ఏటికొప్పాక బొమ్మ మీది మెరుపు లక్క. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది, ఐపీఏ ఒక్క చుక్క పడినా అక్కడ మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. ఈ రెంటికీ పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపడం వరకే మన పని. పాత రంగే వాటి విలువ, అది తీయకూడదు.

కడిగే నీళ్ల సంగతి. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, ఆరాక తెల్లటి మచ్చలు మిగులుతాయి. వాటి మీద ప్రైమర్ కొడితే గరుకుగా తేలుతుంది. చివరి కడుగుడు ఆర్వో నీళ్లతోగానీ డిస్టిల్డ్ వాటర్‌తోగానీ చేయండి, ఒక బొమ్మకి అరగ్లాసు చాలు. ఆరబెట్టడం ఫ్యాన్ కింద, నీడలో. మే నెల ఎండలో డాబా మీద పెడితే సన్నటి రెజిన్ కత్తులు, జెండా కర్రలు వంగిపోతాయి. వంగినవాటిని వేడినీళ్లలో కాసేపు ముంచి సరిచేసి, వెంటనే చల్లటి నీళ్లలో పెడితే నిలబడతాయి. ముడతల్లో, బోలు భాగాల్లో తడి దాగి ఉంటుంది కాబట్టి ప్రైమర్‌కి ముందు ఒక పూర్తి రోజు వదిలేయండి, ముసురు పట్టినప్పుడు రెండు రోజులు.

నిప్పు విషయంలో రాజీ లేదు. ఐపీఏ ఆవిరి 12 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, ఎసిటోన్‌ది సున్నాకి ఎంతో కింద. మన దగ్గర అంత చల్లదనం దాదాపుగా రాదు కాబట్టి మూత తీసిన ప్రతిసారీ అంటుకునే ఆవిరి ఉన్నట్టే. అది గాలికంటే బరువు, నేలమీద పాకి పోతుంది. వంటగదిలో గానీ దీపం, అగరుబత్తి వెలుగుతున్న గదిలో గానీ చేయకండి. కిటికీలు, తలుపులు తీసి ఉంచండి. అల్ట్రాసోనిక్ క్లీనర్ (శబ్ద తరంగాలతో శుభ్రం చేసే యంత్రం) ఉన్నవాళ్లు ఐపీఏని ఎప్పుడూ తొట్టిలో నేరుగా పోయొద్దు. తొట్టిలో సబ్బు నీళ్లే పోసి తోమడం మిగిలిన బొమ్మని అందులో వేస్తే చాలు.

వాడిన ఐపీఏ పారబోయాల్సింది కాదు. సీసాని రెండు రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుగున చేరుతుంది. పైన తేటని కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టి వేరే సీసాలో పోసి, మీద పేరు రాసి, పిల్లలకి అందనిచోట పెట్టుకోండి. రంగు తేలి ఉన్నా ఇంకా పనిచేస్తుంది, తోమినా బొమ్మ జిగటగానే ఉంటోందంటే మార్చే సమయం వచ్చినట్టు. అడుగున మిగిలిన బురదని పాత పేపరు మీద పరిచి, నిప్పుకి దూరంగా ఆరుబయట గట్టిపడేదాకా ఆరబెట్టి, విడిగా కవర్లో కట్టి చెత్త బండివాళ్లకి అదేంటో చెప్పి ఇవ్వండి. బ్రేకాయిల్ అయితే సీసాలో పోసి మెకానిక్ షెడ్డుకి ఇచ్చేయండి. సింకులోగానీ కాలవలోగానీ ఏదీ పోయకండి.