మూసిన సముద్రం పక్కన ఓస్టియా

జనవరిలో రోమ్ వెళ్ళడానికి విమానం టికెట్లు చవకగా దొరకడం తప్ప నాకు వేరే కారణమేమీ లేదు. కొలోసియం దగ్గర అంత చలిలోనూ బారులు తీరిన జనాన్ని చూసి విసుగొచ్చి, మర్నాడు పొద్దున్నే పోర్టా సాన్ పావొలో స్టేషన్‌లో సముద్రతీరానికి పోయే లోకల్ రైలెక్కి ఓస్టియా అంటికాలో దిగాను. ఇది ప్రాచీన రోమ్‌కు రేవుపట్టణం. టైబర్ నది తెచ్చిన ఒండ్రు మేటలు వేస్తూ పోవడంతో, ఒకప్పుడు ఊరి అంచునే ఉండిన సముద్రం ఇప్పుడు దాదాపు మూడు కిలోమీటర్ల అవతలికి జరిగిపోయింది.

రాత్రి కురిసిన వానకు డెకుమానస్ మాక్సిమస్ అనే రాజవీధి నల్లరాళ్ళు నిగనిగలాడుతున్నాయి. చాలాసేపు నడిచినా ఎదురైనవాళ్ళు ఇద్దరే. అయితే ఆ ఏకాంతానికి మూల్యం లేకపోలేదు: ఎంతో ఆశతో చూడబోయిన నెప్ట్యూన్ స్నానశాలలోని నలుపు తెలుపు మొజాయిక్‌లో, అంటే చిన్న రాతిముక్కలు పొదిగిన నేల బొమ్మలో, చాలా భాగాన్ని, తేమ తగలకుండా కాబోలు, పట్టాలు కప్పి ఉంచారు.

నాటకశాల వెనక ఉన్న చౌకంలో ఆ కొరత తీరింది. చుట్టూ సుమారు 60 చిన్న గదులు, వాటి ముందు నేలమీద అలాంటి మొజాయిక్ బొమ్మలే: ఓడలు, దీపస్తంభాలు, ధాన్యం కొలిచే పాత్రలు. ఉత్తర ఆఫ్రికాలోని సబ్రతా వర్తకుల గది ముందయితే ఒక ఏనుగు. ఇవి వర్తకుల గదులని చదువురాని వాడికైనా బొమ్మ చూస్తే తెలిసిపోతుంది. రోమన్లు నవంబరు రెండో వారం నుంచి మార్చి రెండో వారం దాకా సముద్రయానం ప్రమాదమని భావించి, ఆ కాలాన్ని ‘మారె క్లౌసుమ్’, అంటే ‘మూసిన సముద్రం’ అనేవారు. నేను చూస్తున్న ఈ నిశ్శబ్దం, యాత్రికులు రాని కాలం కాబట్టి వచ్చిందే అయినా, ఈ గదులకు జనవరిలో అలవాటైనదే అయి ఉంటుందనిపించి, పట్టాల మీది నా కోపం కొంత తగ్గింది.

ఓడలు రాని ఆ నాలుగు నెలలూ నగరం తినవలసిన గోధుమ ముందే గోదాములకు చేరాలి. గ్రాండి హొర్రెయా అనే పెద్ద గోదాములో ధాన్యానికి చెమ్మ పట్టకుండా నేలను చిన్న చిన్న ఇటుక గోడల మీద లేపి కట్టి, కింద గాలి ఆడేలా చేశారు. మన పల్లెల్లో గాదెను రాళ్ళ మీద ఎత్తి నిలిపింది కూడా ఇందుకే కదా. కాస్త అవతల రొట్టెల బట్టీలో డమరుకం ఆకారపు తిరగళ్ళు, పశువులు తిప్పినవి, అగ్నిపర్వతపు రాతితో చేసినవి, ఇంకా వరసగా నిలిచే ఉన్నాయి.

అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడ్డది మాత్రం డయానా వీధిలోని కాకా హోటలు లాంటి కొట్టు దగ్గర. వీధివైపు పాలరాతి పలకలు తొడిగిన గల్లా, సరుకు పేర్చుకోవడానికి మెట్లమెట్లుగా అరలు, గోడ మీద ఆలివ్ కాయలతో సహా తినుబండారాల బొమ్మ, వెనక పెరట్లో కూర్చోవడానికి రాతి బల్ల. గల్లా అడుగున గిన్నెలు కడిగే తొట్టి ఒకటి ఉంది. వంగి చూస్తే అందులో గాలికి కొట్టుకొచ్చిన పైన్ సూదులు పేరుకుని ఉన్నాయి. చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకే మూసేస్తారు. కాపలాదారు చేత్తో గడియారం చూపించేదాకా నేను ఆ రాతి బల్ల మీదే కూర్చున్నాను.