స్టడ్ గోడలో మొదటి గుర్తు 15¼ దగ్గర

అమెరికాలో ఇళ్ల గోడలు చాలావరకు చెక్క ఫ్రేముతోనే లేస్తాయి. అక్కడ వడ్రంగం నేర్చుకునేవాళ్లు సుత్తి కంటే ముందు టేపుని పట్టించుకోవాలి. టూ బై ఫోర్ అంటారు గానీ ఆ చెక్క అసలు కొలత 1½ × 3½ అంగుళాలే. కింద ఒక ప్లేటు, అంటే అడ్డంగా పడుకునే చెక్క, పైన రెండు, మధ్యలో 92⅝ అంగుళాల స్టడ్లు, అంటే నిలువు చెక్కలు. అన్నీ కలిపితే గోడ ఎత్తు 97⅛ అంగుళాలు.

కింది ప్లేటునీ పై ప్లేటునీ పక్కపక్కన పెట్టి రెండిటి మీదా ఒకేసారి గీత గీయండి. స్టడ్ల నడిమధ్యల మధ్య దూరం 16 అంగుళాలు. అయినా గోడ కొస నుంచి కొలిస్తే, ఆ కొసన ఉండే స్టడ్ తర్వాత మొదటి గీత 16 దగ్గర కాదు, 15¼ దగ్గర. గీతకి అవతలి వైపు ఇంటూ గుర్తు వేసి స్టడ్‌ని దాని మీదే నిలపాలి. తర్వాతి గీతలు 31¼, 47¼. అప్పుడు 4 అడుగుల ప్లైవుడ్ అంచు సరిగ్గా స్టడ్ నడిమధ్యకి వస్తుంది. 16 నుంచి గీశారో, ఆ అంచు స్టడ్ ఒరకి వచ్చి ఆగుతుంది, మేకు దిగడానికి చోటుండదు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

ప్రతి స్టడ్‌నీ కంటికి ఆనించి నిలువునా చూడండి. వంపులన్నీ ఒకే వైపుకి తిప్పకపోతే బోర్డు కొట్టాక గోడ అలలు తేలుతుంది. ప్లేటులోంచి ఒక్కో స్టడ్ కొసలోకి 3½ అంగుళాల మేకులు రెండు. నేల మీద కొట్టిన ఫ్రేముని లేపేముందు దాని కర్ణాలు రెండూ కొలవండి. తేడా ఉంటే పొడవైన కర్ణం మూలని లోపలికి తట్టాలి. కాంక్రీటు మీద ఆనే ప్లేటు మాత్రం మందు పట్టించిన చెక్కే అయి ఉండాలి, లేకపోతే చెమ్మకి పుచ్చిపోతుంది.