తెల్లారేదాకా ఆరని సీసా

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడినప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. కొవ్వొత్తి గాలికి నిలవదు, ఫోన్లలో చార్జింగ్ లేదు. మంటా తీగా లేని దీపం ఉంటే బాగుండునని అప్పుడే అనిపించింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో ప్రాజెక్టు అడిగితే అదే చేస్తానన్నాను.

విరిస్తే వెలిగే ప్లాస్టిక్ పుల్లలు ఉంటాయే, వాటిలో జరిగేదే ఇదీ. ఆగ్జలేట్ ఎస్టర్ అనే రసాయనం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసినప్పుడు పుట్టే శక్తిని రంగు అణువు అందుకుని కాంతిగా వదులుతుంది. 1960లలో ఎడ్విన్ చాండ్రాస్ ఆగ్జలైల్ క్లోరైడుతో ఈ వెలుగు చూపారు. మైఖేల్ రౌహట్ బృందం ఎస్టర్లతో దాన్ని నిలకడగా వెలిగేలా చేసింది.

ఎస్టర్ నేనే తయారు చేసుకోవాల్సి వచ్చింది. ట్రైక్లోరోఫీనాల్, ట్రైఇథైలమీన్ టోలీన్ అనే ద్రావకంలో కలిపి, ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లో ఆగ్జలైల్ క్లోరైడ్ చుక్కచుక్కగా వేయాలి. రెండుసార్లు దాదాపు ఏమీ రాలేదు. "టోలీన్‌లో తేమ తీశావా అమ్మా?" అన్నారు మా గైడ్ మేడమ్. తీయలేదు. క్లోరైడునంతా ఆ నీరే తినేసింది. తేమను పీల్చేసే మాలిక్యులర్ సీవ్స్ వాడాక తెల్లటి పొడి దిగింది.

దాన్ని డైఇథైల్ థాలేట్‌లో కరిగించి, రంగు, పెరాక్సైడ్, చర్యను వేగం చేసే సోడియం శాలిసిలేట్ కాస్త వేసి లైట్లు ఆర్పాం. బల్లంతా ఆకుపచ్చ వెలుగు! పావుగంటలో మసకబారిపోయింది. ఎస్టర్ పెంచి చూశాను, కాంతి పెరిగింది కానీ నాకు కావలసింది అది కాదు. శాలిసిలేట్ కుళాయి లాంటిదని తెలియడానికి నెల పట్టింది. ఎక్కువ తిప్పితే ఉన్న శక్తంతా ఒక్కసారే పోతుంది. పదో వంతుకు తగ్గించి, సీసాను చల్లటి నీళ్లలో పెట్టాను. చల్లదనానికి చర్య ఇంకా నెమ్మదిస్తుంది. చీకటికి అలవాటుపడిన కంటికి నీలం కలిసిన ఆకుపచ్చ బాగా ఆనుతుంది కాబట్టి వెలుగు తగ్గినా ఇబ్బంది లేదు.

కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి మూత బిగించకూడదు. ట్రైక్లోరోఫీనాల్ కూడా మిగులుతుంది, అది విషం. అందుకే ఈ సీసా ల్యాబ్ దాటదు, వేరే ఎస్టర్ వెతకాలి.

సీనియర్ అక్కను తోడు పెట్టుకుని ఒక రాత్రి ల్యాబ్‌లోనే ఉన్నాను. రాత్రి పదకొండుకు కలిపాను. నాలుగున్నరకు చేతి గడియారం సీసా పక్కన పెడితే చిన్న ముల్లు కనిపించింది. మేడమ్‌కి పంపుదామని ఫోటో తీశాను. ఫోన్‌లో చీకటే పడింది. అక్క మాత్రం అదే వెలుగులో టైమ్ చదివి నోట్‌బుక్‌లో రాసింది.