ఫ్రెయిరా గొంతు

అట్లాంటిక్‌లోని పోర్చుగల్ దీవి మదీరాలో, మషీకు రేవు నుంచి బయల్దేరి నాలుగు గంటలు అలల మీద ఎగిరెగిరి పడ్డాక, పెట్రెల్ అనే సముద్రపు పక్షి ఒకే ఒక్కటి మా రబ్బరు పడవ ముందు నుంచి దూసుకుపోయింది. బూడిదరంగు వీపు, తెల్లటి పొట్ట, రెక్కల అడుగున నలుపు. అంతే, ఐదారు సెకన్లు.

"జీనోనా, డెజెర్టాసా?" అని గైడ్‌ని అడిగాను. "ముక్కు సరిగ్గా కనపడలేదండీ, చెప్పలేను" అన్నాడు. ఒకేలా కనపడే రెండు రకాల పెట్రెల్స్ ఇవి. జీనో ముక్కు సన్నం. డెజెర్టాస్‌ది లావు, ఒళ్లూ కాస్త పెద్దది. ఊగే పడవలో అది ఎవరికి తేలుతుంది? పడవకే అన్ని యూరోలు పోసి, చూసిందేమిటో తెలియకుండా వెనక్కి రావడం నాకు చాలా కష్టమనిపించింది.

మర్నాటి రాత్రి పీకో దో అరియేరో అనే కొండ ఎక్కాం. 1,818 మీటర్ల ఎత్తు. జూన్‌లో కూడా స్వెటర్ చాలలేదు. ప్రపంచం మొత్తంలో జీనో పెట్రెల్ గూడు కట్టేది మదీరాలోని ఈ కొండచరియల మీదే, వంద జతలు కూడా లేవు. డెజెర్టాస్ పెట్రెల్‌కి ఆగ్నేయాన సముద్రంలో ఉన్న బుజియో దీవి ఒక్కటే దిక్కు. ఇక్కడ మేలోనే గుడ్లు మొదలవుతాయి, అక్కడ జూలైలో.

లైట్లు ఆర్పి కూర్చున్నాం. చాలాసేపటికి లోయలోంచి ఒక మూలుగు సాగింది. ఇది చనిపోయిన క్రైస్తవ సన్యాసినుల ఆత్మల ఏడుపని కింది ఊరివాళ్లు నమ్మేవారట. అందుకే జీనో పెట్రెల్‌ని ఫ్రెయిరా అంటారు, అంటే సన్యాసిని. అమ్మమ్మ పక్కలో పడుకుని, రాత్రి ఏ పిట్ట అరిచినా దుప్పటి ముసుగేసుకున్న రోజులు గుర్తొచ్చాయి.

గైడ్ మెల్లగా చెప్పాడు. ఒకప్పుడు ఈ పక్షి అంతరించిపోయిందనే అనుకున్నారు. అలెక్ జీనో అనే ఆయన బుజియోలోని డెజెర్టాస్ పెట్రెల్ అరుపు రికార్డు చేసి, ఇక్కడి గొర్రెల కాపరికి వినిపించాడు. ఈ గొంతు మా కొండ మీద విన్నానే అన్నాడా కాపరి. అలా 1969లో గూళ్లు దొరికాయి. కాపరికి వినిపించిన రికార్డింగ్ నిజానికి డెజెర్టాస్ గొంతు! నిన్న నన్ను అంత విసిగించిన పోలికే దీన్ని పట్టిచ్చింది.

2010 ఆగస్టులో కార్చిచ్చు ఈ చరియల మీదికి వచ్చి, బొరియల్లోనే 25 పిల్లల్ని చంపేసింది. జతకి ఏడాదికి ఒక్కటే గుడ్డు. అది విన్నాక చాలాసేపు మాట్లాడలేకపోయాను.

ఇంతలో మా తలల మీదుగా ఏదో పోయింది. రెక్కల చప్పుడు మాత్రమే వినపడింది. పేరు మాత్రం ఈసారి అడగక్కర్లేకపోయింది.